విదేశంలో ఉంటూ హైదరాబాద్ బ్యాంకు ఖాతా మార్చుకోవడం ఎలా?

ఉద్యోగం కోసం డాలస్‌కో దుబాయ్‌కో వెళ్లి ఏళ్లు గడిచిపోతాయి. కూకట్‌పల్లి ఫ్లాటు అద్దె మాత్రం ఇంజినీరింగ్ చదివే రోజుల్లో అమీర్‌పేటలో తెరిచిన సేవింగ్స్ ఖాతాలోనే పడుతూ ఉంటుంది. ఆ ఖాతాకిచ్చిన ఫోన్ నంబరు ఇప్పుడు పనిచేయదు. డెబిట్ కార్డు గడువు తీరిపోయింది. బ్రాంచిలో తెలిసినవాళ్లు ఎప్పుడో బదిలీ అయిపోయారు. ఈసారి ఊరెళ్లినప్పుడు దీన్ని మూసేసి వేరే బ్యాంకులో కొత్తది తెరుద్దాం అనిపిస్తుంది. ఆలోచన మంచిదే. ముందు మూసి, తర్వాత తెరుద్దామనుకోవడం దగ్గరే చిక్కంతా వస్తుంది. ఖాతా మూయడానికి ఒక్క పూట చాలు. దాని మీద నడుస్తున్న ఈఎంఐ, ఎల్‌ఐసీ ప్రీమియం, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే మొత్తం), అద్దె, పన్ను రీఫండు అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. వాటిని విదేశంలో కూర్చుని, ఇక్కడి పని వేళలకు ఫోన్లు చేస్తూ సరిచేసుకోవాల్సి వస్తుంది.

కాబట్టి క్రమం ఇది: పాత ఖాతాను చట్టప్రకారం సరిచేయడం, కొత్తది తెరవడం, లింకులన్నీ మార్చడం, డబ్బు తరలించడం, అన్నీ అయ్యాక పాతది మూయడం. మొత్తానికి నాలుగు నెలలు పెట్టుకోండి. సంక్రాంతికి వచ్చి వెళ్లే రెండు వారాల్లోనే అంతా తేల్చేయాలని చూడకండి. మనిషి ఎదురుగా ఉంటే తప్ప జరగని పనులను మాత్రమే ఆ రెండు వారాలకు ఉంచుకుని, మిగతావి సెప్టెంబరులోనే మొదలుపెట్టండి.

పాత ఖాతా ఏ లెక్కలో ఉందో చూడండి

ఉద్యోగానికో, వ్యాపారానికో, ఎప్పుడు తిరిగొస్తామో చెప్పలేని పరిస్థితిలోనో దేశం దాటితే, దాటిన రోజు నుంచే విదేశీ మారకపు చట్టమైన ఫెమా దృష్టిలో మీరు ఎన్ఆర్ఐ. ఇలా వెళ్లినవాళ్లకు 182 రోజుల లెక్క ఆదాయపు పన్నుకే. దాన్ని చూసుకుని ‘ఇంకా ఆరు నెలలు కాలేదు కదా’ అని ఆగకండి. ఎంఎస్‌కు వెళ్లిన విద్యార్థులకూ ఇదే వర్తిస్తుంది. మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా (ఎన్ఆర్ఐల ఇక్కడి ఆదాయం కోసం ఉండే ఖాతా) మార్చాలని బ్యాంకుకు చెప్పాల్సింది మీరే, బ్యాంకు తనంతట తాను కనిపెట్టి మార్చదు. ఫెమా 13వ సెక్షన్ ప్రకారం ఉల్లంఘన మొత్తాన్ని లెక్కకట్టగలిగితే దానికి మూడు రెట్ల దాకా, లెక్కకట్టలేకపోతే 2 లక్షల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు.

ఏళ్లుగా మార్చకుండా ఉండిపోయారని భయపడి ఎవరికీ చెప్పకుండా ఖాతా మూసేయకండి. ‘నివాస స్థితి మార్పు’ ఫారం ఇచ్చి ముందు ఎన్ఆర్ఓ చేయించండి. బ్యాంకులకు ఇది రోజూ ఉండే పనే. ఖాతా నంబరు అదే ఉంటుందా, మారుతుందా అన్నది మాత్రం ముందే అడగండి. కొన్ని బ్యాంకులు పాత నంబరే ఉంచుతాయి, కొన్ని కొత్తది ఇస్తాయి. నంబరు మారితే ఆ రోజు నుంచే ఆటోమేటిక్ కోతలన్నీ ఆగిపోతాయి.

హైదరాబాద్‌లో పాత ఖాతాలున్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. పాస్‌బుక్ మీద స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అని ఉంటే అది 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. పాస్‌బుక్‌లో ఉన్న పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌ను ఎక్కడా రాయొద్దు. విలీనం తర్వాత పక్క బ్రాంచిలో కలిపేసిన బ్రాంచీలూ ఉన్నాయి కాబట్టి మీ ఖాతా ఇప్పుడు ఏ బ్రాంచి కింద ఉందో తేల్చుకుని గానీ బయల్దేరకండి.

మీవైపు నుంచి రెండేళ్లు ఏ లావాదేవీ జరగకపోతే ఖాతా నిష్క్రియం అవుతుంది. బ్యాంకు తానే వేసిన వడ్డీ లావాదేవీ కిందికి రాదు. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఆర్‌బీఐ ఆదేశాల ప్రకారం, అలాంటి ఖాతాను మళ్లీ నడిపించడానికి బ్యాంకు రుసుము తీసుకోకూడదు, నిష్క్రియంగా ఉన్న కాలానికి కనీస నిల్వ లేదని జరిమానా కూడా వేయకూడదు. కేవైసీ కాగితాలు సొంత బ్రాంచిలోనే ఇవ్వాలన్న నియమమూ లేదు. పదేళ్లు దాటిపోయి ఉంటే డబ్బు ఆర్‌బీఐ దగ్గరున్న డిపాజిటర్ల నిధికి వెళ్లి ఉంటుంది. ఆర్‌బీఐ నడిపే ఉద్గమ్ పోర్టల్‌లో పేరుతో వెతికి, అదే బ్యాంకు ద్వారా వడ్డీతో సహా అడిగి తీసుకోవచ్చు.

ఏ డబ్బు ఏ ఖాతాలోకి?

ఇక్కడి ఆదాయం, అంటే అద్దె, డివిడెండు, పెన్షను, పొలం కౌలు ఎన్ఆర్ఓలోకి వస్తాయి. అక్కడ సంపాదించి పంపే డబ్బు ఎన్ఆర్ఈలోకి వెళ్లాలి. ఎన్ఆర్ఈలో ఉన్నదాన్ని ఎప్పుడైనా ఎంతైనా వెనక్కి తీసుకెళ్లొచ్చు, వడ్డీ మీద ఇక్కడ పన్ను లేదు. ఎన్ఆర్ఓలో వడ్డీకి పన్ను పడుతుంది. అందులోని అసలును బయటికి తీసుకెళ్లాలంటే ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఒక ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల డాలర్లు పరిమితి. పన్ను కట్టేసిన అద్దె, వడ్డీ లాంటి ఆ ఏటి ఆదాయం ఈ పరిమితిలోకి రాదు.

చాలామంది తెలియక నష్టపోయేది ఒకటుంది. డబ్బు పంపే యాప్‌లో ఖాతా రకం దగ్గర చూసుకోకుండా ఎన్ఆర్ఓ నంబరు ఇచ్చేస్తారు. విదేశీ కష్టార్జితం ఒకసారి ఎన్ఆర్ఓలో పడిందంటే దాని మీద వచ్చే వడ్డీకి పన్ను మొదలవుతుంది, తిరిగి తీసుకెళ్లాలంటే ఫారాలు నింపాలి. ఎన్ఆర్ఈ నుంచి ఎన్ఆర్ఓకి ఒక్క నొక్కుతో వెళ్లిపోతుంది, వెనక్కి రావడమే కష్టం. ఇంకో సంగతి, నాన్నగారు బ్రాంచికి వెళ్లి మీ ఎన్ఆర్ఈలో నగదు వేయడం కుదరదు. ఆయన ఇవ్వదలిచినది మీ ఎన్ఆర్ఓలోకి బదిలీ చేయొచ్చు. అది ఆయన విదేశాలకు పంపగల ఏటా 2,50,000 డాలర్ల పరిమితిలో లెక్కకు వస్తుంది.

అమెరికాలో పన్ను కట్టేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది: ఎన్ఆర్ఈ వడ్డీకి పన్ను లేదన్నది భారత్‌లో మాత్రమే. అమెరికాలో ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా చూపాలి, ఈ వడ్డీ కూడా అందులోదే.

ఇద్దరి పేరు మీద ఉన్న ఖాతాలు

అమ్మతోనో నాన్నతోనో ఉమ్మడిగా ఉన్న ఖాతాలో మొదటి పేరు ఎవరిది అన్నదాన్ని బట్టి దారి మారుతుంది. మొదటి పేరు మీదైతే అది ఎన్ఆర్ఓ కావాలి. ఇక్కడ ఉండే రెండో వ్యక్తి ‘ఫార్మర్ ఆర్ సర్వైవర్’ పద్ధతిలోనే ఉండాలి, అంటే మీరున్నంతకాలం నడిపే హక్కు మీదే. ఎన్ఆర్ఈలో ఇక్కడుండే దగ్గరి బంధువును చేర్చుకున్నా ఇదే పద్ధతి. అప్పటిదాకా కార్డు వాడుకుంటున్న అమ్మకి మార్పు జరిగిన రోజు ఏటీఎంలో డబ్బు రాకపోయే పరిస్థితి వస్తుంది. ఆ ఖాతా నుంచే ఆవిడ మందుల ఖర్చు నడుస్తుంటే ముందుగా ఆవిడ పేరు మీద వేరే ఖాతా ఏర్పాటు చేయండి.

మొదటి పేరు ఇక్కడున్న అమ్మది, డబ్బు కూడా ఆవిడదే, మీరు కేవలం రెండో పేరు అయితే, దాన్ని మామూలు ఖాతాగానే ఉంచొచ్చు. దగ్గరి బంధువైన ఎన్ఆర్ఐని ‘ఐదర్ ఆర్ సర్వైవర్’గా, అంటే ఇద్దరిలో ఎవరైనా నడిపేలా, రెండో పేరులో ఉంచడానికి ఆర్‌బీఐ అనుమతి ఉంది. ఆ డబ్బు ఆవిడ అవసరాలకే వాడాలి, మీ సొంత డబ్బు అందులో కలపకూడదు.

కాగితాలు, పేర్లు, సంతకాలు

కావాల్సినవి పెద్దగా లేవు: పాస్‌పోర్టు, వీసా లేదా వర్క్ పర్మిట్ లేదా రెసిడెన్స్ కార్డు, పాన్, విదేశీ చిరునామా రుజువు, ఫొటో, ఏ దేశంలో పన్ను కడుతున్నారో చెప్పే ఫాట్కా ప్రకటన, అందులో ఆ దేశపు పన్ను గుర్తింపు నంబరు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లకి ఓసీఐ కార్డు. చిరునామాకి కరెంటు బిల్లో బ్యాంకు స్టేట్‌మెంటో ఇస్తే అది రెండు మూడు నెలలకంటే పాతది కాకుండా చూసుకోండి.

తెలుగువాళ్ల దరఖాస్తులు తిరిగి వచ్చేది ఎక్కువగా పేరు దగ్గరే. టెన్త్ సర్టిఫికెట్లో ‘కె. శ్రీనివాస్’, బ్యాంకులో ‘శ్రీనివాస్ కె’, పాన్‌లో పొడి అక్షరాలు ఒప్పుకోరు కాబట్టి ఇంటి పేరు పూర్తిగా, పాస్‌పోర్టులో ఇంటి పేరు ఒక గడిలో, మిగతాది మరో గడిలో. చూసే మనిషికి అది ఒకరే అని తెలుస్తుంది, సరిపోల్చే సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. పాస్‌పోర్టులో ఇంటి పేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ల పరిస్థితి ఇంకా చిక్కు. అమెరికా వీసాలో అసలు పేరంతా ఇంటి పేరు గడిలోకి పోయి, పేరు గడిలో ‘ఎఫ్ఎన్‌యూ’ (పేరు తెలియదు) అని పడుతుంది. అదే డ్రైవింగ్ లైసెన్సులోకి, కరెంటు బిల్లులోకి పాకుతుంది. పెళ్లయ్యాక ఇంటి పేరు మార్చుకున్న ఆడవాళ్లకి పాన్ ఒకలా, పాస్‌పోర్టు ఒకలా ఉండటం మామూలే.

దీనికి మందు ఒక్కటే: పాస్‌పోర్టును ప్రమాణంగా పెట్టుకుని మిగతావి దానికి తగ్గట్టు మార్చడం. ముందు పాన్, తర్వాత పాత బ్యాంకులో పేరు, ఆ తర్వాతే కొత్త ఖాతా దరఖాస్తు. పాత బ్యాంకులో ఒక పేరు, కొత్త బ్యాంకులో ఇంకో పేరు ఉంటే డబ్బు తరలించేటప్పుడూ, ఆ తర్వాత సిప్ మార్చేటప్పుడూ, పీఎఫ్ దగ్గరా వరుసగా అడ్డం పడుతుంది. అంత సమయం లేకపోతే ఈ రెండు పేర్లూ ఒకరివే అన్న నోటరీ అఫిడవిట్ జతచేయండి. చాలా బ్యాంకులు ఒప్పుకుంటాయి.

సంతకం కూడా అంతే. పద్దెనిమిదేళ్ల వయసులో తెలుగులో పెట్టిన సంతకం బ్యాంకు రికార్డులో ఉంటుంది, ఇప్పుడు మీరు పెట్టేది ఇంగ్లీషులో గీత. ఆఖర్న మూసివేత ఫారం మీద సంతకం కలవలేదని తిప్పి పంపితే మళ్లీ హైదరాబాద్ రావాల్సి వస్తుంది. ఇక్కడ ఉన్నప్పుడే పాత బ్యాంకులో సంతకం అప్‌డేట్ చేయించండి. అది బ్రాంచిలో పాస్‌పోర్టు చూపిస్తే అరగంట పని.

పాన్ సంగతి: ఎన్ఆర్ఐలకు ఆధార్‌తో లింకు తప్పనిసరి కాదు. కానీ ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ స్థితి ఇంకా ‘నివాసి’ అనే ఉంటే పాన్ పనిచేయనిదిగా మారి ఉండొచ్చు. ముందు అది చూసి, స్థితి మార్పించుకోండి.

అక్కడి నుంచే తెరిస్తే

స్వయంగా రాలేనివాళ్లు నకళ్లను ధ్రువీకరించి కొరియర్ చేయాలి. భారత రాయబార కార్యాలయం లేదా కాన్సులేట్, నోటరీ పబ్లిక్, భారతీయ బ్యాంకుల విదేశీ శాఖల అధికారులు, కోర్టు మేజిస్ట్రేట్ లేదా జడ్జి చేసిన ధ్రువీకరణ చెల్లుతుంది. ప్రతి పేజీ మీద ‘అసలు పత్రంతో సరిచూశాం’ అన్న మాట, సంతకం, పేరు, హోదా, ముద్ర, తేదీ ఉండాలి. వీటిలో ఒకటి తక్కువైనా కట్ట మొత్తం వెనక్కి వస్తుంది. అమెరికాలో న్యూయార్క్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో నోటరీలకు నకళ్లు ధ్రువీకరించే అధికారమే లేదు. అక్కడున్నవాళ్లు నేరుగా కాన్సులేట్ దారి పట్టడమో, ఆ ఊళ్లో భారతీయ బ్యాంకు శాఖ ఉంటే అక్కడికి వెళ్లడమో చేయాలి.

ఇంట్లోవాళ్లకు పవర్ ఆఫ్ అటార్నీ పంపుతున్నారా? అమెరికా, బ్రిటన్‌ల నుంచైతే నోటరీ, ఆపైన అపోస్టిల్ (ఒప్పంద దేశాల్లో చెల్లే ప్రభుత్వ ధ్రువీకరణ). యూఏఈ, కువైట్, ఖతార్‌ల నుంచైతే అపోస్టిల్ ఒప్పందం లేదు కాబట్టి రాయబార కార్యాలయమే దారి. భారత్ చేరిన 3 నెలల్లోగా ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఇలా అధికారం పొందినవాళ్లు ఇక్కడి చెల్లింపులు చేయగలరు. మీ డబ్బును బహుమతిగా ఇవ్వలేరు, మీకు తప్ప మరొకరికి విదేశానికి పంపలేరు. ఈ శ్రమంతా ఎందుకని నెట్‌బ్యాంకింగ్ పాస్‌వర్డ్ బావమరిదికి ఇచ్చేయడం మాత్రం వద్దు. రేపు ఏదైనా తేడా వస్తే, రహస్యం మీరే బయటపెట్టారంటూ బ్యాంకు బాధ్యత తీసుకోదు.

కొత్త బ్యాంకును అడగాల్సినవి

వడ్డీ పావు శాతం ఎక్కడ ఎక్కువ అని వెతకడం కంటే వీటికి సూటిగా జవాబు రాబట్టండి. ఓటీపీ విదేశీ నంబరుకు వస్తుందా? చిరునామా, ఫోన్ నంబరు మార్పులు ఆన్‌లైన్లో జరుగుతాయా, బ్రాంచికి రావాలా? ఎన్ఆర్ఓ నుంచి విదేశానికి పంపే దరఖాస్తు ఇంటి నుంచే పెట్టొచ్చా? కనీస నిల్వ ఎంత, అది నెల సగటా, మూణ్నెల్ల సగటా? ఒక బ్యాంకులో ఎన్ఆర్ఓ, ఎన్ఆర్ఈ అన్నీ కలిపి ఒక మనిషికి 5 లక్షల రూపాయలకే డిపాజిట్ బీమా ఉంటుంది. పెద్ద మొత్తాలున్నవాళ్లు రెండు బ్యాంకుల్లో పెట్టుకోవడంలో అర్థం ఉంది.

ఓటీపీ మీద కాస్త ఆగి మాట్లాడాలి. దూరంగా ఉన్నవాళ్లకు ఖాతా తాళంచెవి అదే. ఇక్కడి సిమ్‌ను రీచార్జి లేకుండా 90 రోజులు వాడకుండా వదిలేస్తే నంబరు రద్దయి, కొన్నాళ్లకు మరొకరికి వెళ్తుంది. అంటే మీ బ్యాంకు సందేశాలు ముక్కూమొహం తెలియని మనిషికి పోతుంటాయి. ఒకటే నిర్ణయించుకోండి: ఇక్కడి సిమ్‌ను రోమింగ్‌తో నిరంతరం బతికించుకోవడమా, విదేశీ నంబరు నమోదు చేయించడమా. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, సింగపూర్, యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమన్, హాంకాంగ్ నంబర్లతో ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకు యూపీఐ కూడా కుదురుతుంది, బ్యాంకు ఆ సౌకర్యం ఇస్తుంటే.

నామినీని ఫారంలోనే రాయండి. 2025 నవంబరు 1 నుంచి డిపాజిట్లకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. బ్రాంచికి వెళ్లే రోజు రెండో, నాలుగో శనివారం కాకుండా, పెన్షన్ల రద్దీ ఉండే నెల మొదటి వారం కాకుండా చూసుకోండి.

లింకులు మార్చడం: ఎక్కువ సమయం పట్టేది ఇదే

పాత ఖాతా స్టేట్‌మెంటు 13 నెలలది దించుకోండి. పన్నెండు కాదు, పదమూడు. ఎల్‌ఐసీ వార్షిక ప్రీమియం, టర్మ్ పాలసీ, లాకరు అద్దె, డీమ్యాట్ రుసుము, జీహెచ్‌ఎంసీ ఆస్తి పన్ను ఏడాదికొక్కసారే కనిపిస్తాయి. గడువు నాలుగు రోజులు అటూ ఇటూ అయితే పన్నెండు నెలల కాగితంలో దొరక్కుండా పోతాయి. ప్రింటు తీసి ప్రతి వరుస పక్కన పెన్నుతో రాయండి: ఎవరు వేశారు, ఎవరు కోశారు, ఎక్కడ మార్చాలి.

ఈఎంఐ, సిప్, ప్రీమియం కోతలు నాచ్ ఆదేశాల మీద, అంటే గడువుకు ఖాతాలోంచి డబ్బు కోసుకోవడానికి మీరిచ్చిన అనుమతుల మీద నడుస్తాయి. కొత్త ఖాతా మీద ఆదేశం నమోదై, ఒక కోత విజయవంతంగా జరిగాకే పాతది రద్దు చేయండి. నెట్‌బ్యాంకింగ్‌తో ఇచ్చేది కొద్ది రోజుల్లో అయిపోతుంది. కాగితం మీద ఇస్తే రెండు మూడు వారాలు పట్టొచ్చు, సంతకం తేడా అని తిరిగి రావచ్చు కూడా. మధ్యలో ఒక కోత తప్పితే అప్పిచ్చినవాళ్ల జరిమానా ఒకటి, బ్యాంకు జరిమానా ఒకటి, గృహరుణమైతే సిబిల్ స్కోరు మీద మచ్చ. అందుకే మార్పు నడుస్తున్నంతకాలం పాత ఖాతాలో రెండు నెలల కోతలకు సరిపడా డబ్బు ఉంచండి.

మ్యూచువల్ ఫండ్లకు ఖాతా నంబరు మారిస్తే చాలదు, కేవైసీలో స్థితిని కూడా ఎన్ఆర్ఐగా మార్చాలి. అమెరికా, కెనడాల్లో ఉండేవాళ్ల డబ్బు కొన్ని ఫండ్ సంస్థలు తీసుకోవు, ముందే అడగండి. డీమ్యాట్‌దీ అదే పద్ధతి. పీపీఎఫ్ ఉన్నవాళ్లు గడువు దాకా కొనసాగించవచ్చు, పొడిగించడానికి వీల్లేదు, కొత్తది తెరవకూడదు. పాప పేరున సుకన్య సమృద్ధి ఉంటే, ఆమె ఎన్ఆర్ఐ అయిన సంగతి తెలియజేసి మూయించాల్సి ఉంటుంది.

కరెంటు బిల్లుకు టీజీఎస్‌పీడీసీఎల్, జలమండలి నీటి బిల్లు, అపార్ట్‌మెంటు మెయింటెనెన్సు, వీటిలో ఏవి ఆటోపేలో ఉన్నాయో చూసి మార్చండి. పీఎఫ్ ఇంకా తీయనివాళ్లు యూఏఎన్‌లో (పీఎఫ్ సభ్యుల నంబరు) బ్యాంకు వివరాలు మార్చాలి. ఆదాయపు పన్ను పోర్టల్‌లో కొత్త ఎన్ఆర్ఓను ముందస్తుగా ధ్రువీకరించి రీఫండు కోసం ఎంచుకోండి. ఇది చాలామంది మరిచిపోతారు. జులైలో రిటర్ను వేసి, సెప్టెంబరులో ఖాతా మూసి, అక్టోబరులో రీఫండు వస్తే అది విఫలమై వెనక్కి పోతుంది.

అద్దెకున్నవాళ్లకు కొత్త నంబరు రాతపూర్వకంగా పంపండి. వాళ్లకు తెలియని విషయం ఒకటుంది, చెప్పాల్సింది మీరే: ఇంటి యజమాని ఎన్ఆర్ఐ అయితే అద్దె ఎంత చిన్నదైనా దాంట్లోంచి టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసి కట్టాల్సిన బాధ్యత అద్దెదారుది. మామూలు యజమానులకు వర్తించే నెలకు 50,000 రూపాయల మినహాయింపు ఇక్కడ లేదు.

డబ్బు తరలించడం

ఎన్ఆర్ఓ నుంచి ఎన్ఆర్ఓకి నెఫ్ట్ లేదా ఆర్‌టీజీఎస్‌తో మామూలుగానే వెళ్తుంది. ఆర్‌టీజీఎస్ 2 లక్షల నుంచి మొదలు, రెండూ రోజంతా నడుస్తాయి. ఎన్ఆర్ఈ నుంచి మరో బ్యాంకు ఎన్ఆర్ఈకి పంపేటప్పుడు లబ్ధిదారును నమోదు చేసే చోట ఖాతా రకం ‘ఎన్ఆర్ఈ’ అనే ఎంచుకోండి. ‘సేవింగ్స్’ అని పెడితే అవతలి బ్యాంకుకు ఆ డబ్బు ఎక్కడిదో తెలియక తిప్పి పంపే అవకాశం ఉంది. ముందు 1,000 రూపాయలు పంపి, చేరిందని స్టేట్‌మెంటులో చూశాకే పెద్ద మొత్తం కదపండి.

ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు కదలవు. మధ్యలో విరగ్గొట్టుకోవడమో, గడువు దాకా ఆగడమో రెండే దారులు. ఎన్ఆర్ఈ డిపాజిట్‌ను ఏడాది నిండకుండా తీస్తే వడ్డీ ఒక్క రూపాయి కూడా రాదు. పదకొండో నెలలో ఉన్నదాన్ని తొందరపడి తీయకండి. ఇప్పుడే అన్ని డిపాజిట్ల ఆటో రెన్యువల్ తీసేయించండి, లేకపోతే గడువు రోజున మళ్లీ ఏళ్ల తరబడి బిగుసుకుపోతుంది.

ఎన్ఆర్ఓ డబ్బును ఎన్ఆర్ఈకి మార్చాలన్నా, విదేశానికి పంపాలన్నా 15సీఏ ప్రకటన పోర్టల్‌లో దాఖలు చేయాలి. పన్ను పడే మొత్తం ఏడాదిలో 5 లక్షలు దాటితే చార్టర్డ్ అకౌంటెంటు ఇచ్చే 15సీబీ కావాలి. అద్దె ఒప్పందం, ఫ్లాటు అమ్మకం పత్రం, స్టేట్‌మెంట్లు, పన్ను కట్టిన రుజువులు ముందే ఒక ఫైల్లో పెట్టండి. సీఏ అడిగే మొదటి ప్రశ్న ఈ డబ్బు ఎక్కడ నుంచి వచ్చిందనే. 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కాబట్టి ఫారాల నంబర్లను పోర్టల్‌లో సరిచూసుకోండి. ఇక్కడ అందరి నోటా ఉన్న నంబర్లే రాశాం.

టీడీఎస్ తగ్గించుకోవడం

ఎన్ఆర్ఓ వడ్డీ మీద బ్యాంకు మొదటి రూపాయి నుంచే 30 శాతం, సెస్సుతో 31.2 శాతం కోస్తుంది. పన్ను కోయొద్దని ఇచ్చే 15జీ, 15హెచ్ ఫారాలు ఎన్ఆర్ఐలకు చెల్లవు. రెండుసార్లు పన్ను పడకుండా భారత్‌తో ఒప్పందం ఉన్న దేశాల్లో ఉండేవాళ్లు తక్కువ రేటు అడగొచ్చు: అమెరికా, బ్రిటన్‌లకు 15 శాతం, యూఏఈకి 12.5 శాతం. ఉదాహరణకు ఏడాదికి 70,000 వడ్డీ వస్తే మామూలుగా 21,840 కోత, అమెరికా రేటుతో 10,500. దానికి ఆ దేశపు పన్ను నివాస ధ్రువపత్రం, ఆదాయపు పన్ను పోర్టల్‌లో నింపిన 10ఎఫ్ ఫారం, స్వీయ ప్రకటన బ్యాంకుకు ఇవ్వాలి, ప్రతి ఏడాదీ కొత్తగా ఇవ్వాలి. అమెరికాలో ఆ పత్రం పేరు ఫారం 6166. 8802 దరఖాస్తు పెట్టి, 85 డాలర్లు కట్టి, నెలల ముందే అడగాలి. కొత్త బ్యాంకుకు పాత బ్యాంకులో ఇచ్చిన కాగితాలు కనిపించవు, మళ్లీ ఇవ్వండి. ఇవ్వడం ఆలస్యమై ఎక్కువ కోస్తే, ఐటీఆర్-2 రిటర్ను వేసి రీఫండు తెచ్చుకోవచ్చు.

పాత ఖాతా మూసివేత

చివరి కోత కొత్త ఖాతా నుంచి జరిగి, రెండు నెలలు పాతదాంట్లో ఏమీ పడకుండా, కోయకుండా ఉందంటే మూసే వేళయింది. లాకరు ఈ ఖాతాకే ముడిపడి ఉంటే దాని అద్దెకు వేరే ఏర్పాటు చేయండి. లాకరు తాళం మీ చేతిలో ఉండగా ఖాతా మూయించుకోకండి. మీ పేర కోసిన పన్నుల లెక్క చూపే 26ఏఎస్‌లో పాత బ్యాంకు కోసిన టీడీఎస్ అంతా కనిపిస్తోందో లేదో చూడండి. ఖాతా ఉండగా అడిగితే సరిచేస్తారు, మూసేశాక ఆ బ్రాంచిలో మీ మాట వినేవాళ్లు దొరకడం కష్టం.

మూసే ముందు గత ఎనిమిదేళ్ల స్టేట్‌మెంట్లు, ప్రతి ఏడాది వడ్డీ సర్టిఫికెట్లు పీడీఎఫ్‌గా దించుకోండి. మూసిన మరుక్షణం నెట్‌బ్యాంకింగ్ పోతుంది. మూసివేత ఫారంతోపాటు మిగిలిన చెక్కులు, డెబిట్ కార్డు ఇవ్వాలి. మిగిలిన డబ్బు వెళ్లాల్సిన కొత్త ఖాతా నంబరు రాసి, దాని రద్దుచేసిన చెక్కు జతచేయండి. ఎన్ఆర్ఈ మూస్తుంటే ఎన్ఆర్ఈ నంబరు, ఎన్ఆర్ఓ మూస్తుంటే ఎన్ఆర్ఓ నంబరు. తెరిచి ఏడాది దాటిన ఖాతాకు చాలా బ్యాంకులు మూసివేత రుసుము తీసుకోవు.

బ్యాంకు ముద్రతో మూసివేత ఉత్తరం, చివరి నిల్వ సున్నా చూపే స్టేట్‌మెంటు అడిగి తీసుకోండి. అమెరికాలో ఉండేవాళ్లకు ఆ ఏడాది ఎఫ్‌బార్‌లో (విదేశీ ఖాతాల గురించి అమెరికా ప్రభుత్వానికి ఇచ్చే నివేదిక) మూసేసిన ఖాతాను కూడా, ఆ ఏట దానిలో ఉన్న గరిష్ఠ మొత్తంతో చూపాలి. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఈ దాఖలు తప్పనిసరి. పాత, కొత్త ఖాతాలు రెండూ నడిచిన ఏడాదిలో ఒకే డబ్బు రెండు చోట్లా గరిష్ఠంగా కనిపిస్తుంది. ఆ బదిలీ తేదీలున్న స్టేట్‌మెంట్లే మీకు సమాధానం.